బల్లకి అటువైపు నాన్నగారు

పేకముక్కల్ని మా ఇంట్లోకి తెచ్చింది నేనే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం కాస్త తేలికవుతుంది. పదహారేళ్ళుగా మా గుమ్మం లోపలికి పేక రాలేదు. రైల్లో ఎదుటి సీటువాళ్ళు సరదాకి పేక తీసినా అమ్మ సంచీ సర్దుకుని లేచి వేరే పెట్టెలోకి నడిచేది. ఆవిడ వెనకాల నాన్నగారు, ఆయన వెనకాల నేను. ఒకసారి ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా అలా నిలబడే వచ్చాం. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

నాన్నగారు పేకాట మానేసిన మనిషి. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే ఆయన హాయిగానే ఉంటాడు, మిగతావాళ్ళే ఒక కన్ను తెరిచి పడుకుంటారు.

నాకు ఏడేళ్ళప్పుడు మేము మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున ఉండేవాళ్ళం. నాన్నగారు చేపల చెరువుల దగ్గర ప్యాకింగు పని చేసేవారు. పట్టిన చేపని ఐసు వేసి ట్రేల్లో సర్ది లారీకి ఎక్కించాలి. ఆ లారీ చెప్పిన వేళకి ఏనాడూ రాలేదు. వచ్చేదాకా చెరువు గట్టు మీద టార్పాలిన్ పరుచుకుని మూడు ముక్కలాట ఆడేవారు. ఒకరోజు పొద్దున్న నాకు జ్వరం ఎక్కువై కళ్ళు తేలేస్తుంటే, మందు తెమ్మని అమ్మ ఆయన్ని పంపింది. మందుల షాపు సైకిలు మీద పది నిమిషాల దూరం. ఆయన దీపాలు పెట్టే వేళకి వచ్చారు. సీసా చొక్కా జేబులోనే ఉంది. వెళ్ళిన వెంటనే కొన్నారట, తిరిగి వచ్చేటప్పుడు ఒక్క ఆటకని గట్టు మీద కూర్చున్నారట. జేబులోంచి తీసి ఇస్తే ఆ సీసా ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉందని అమ్మ జన్మలో ఒకే ఒకసారి నాతో అంది.

ఆ తర్వాతి ఆదివారం ఆయన చర్చిలో లేచి నిలబడి, సంఘమంతా వింటుండగా, ఇంక ముక్క పట్టుకోనని చెప్పారు. ఆ నెలలోనే ఆ గట్లకి దూరంగా ఉంగుటూరు వచ్చేశాం. ఇప్పుడాయన తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కాటా దగ్గర పని చేస్తారు. అమ్మ అంగన్‌వాడీ టీచరు. నేను ఏలూరులో ఒక హోటల్లో రిసెప్షన్‌లో కూర్చుంటాను.

ఇదంతా తెలిసి కూడా నేను పేక తెచ్చాను. మా హోటల్లో ఇదివరకు పనిచేసిన ఒక అక్క ఓడ మీద ఉద్యోగానికి వెళ్ళి సెలవుకి వచ్చింది. ఆ ఓడలో కేసినో ఉంటుంది, అక్కడ ముక్కలు పంచే ఉద్యోగం ఆవిడది. డీలర్ అంటారు. ఇంగ్లీషు వచ్చు, చేతులు చురుకు, నువ్వెందుకు ప్రయత్నించకూడదు అంది. హైదరాబాదులో పరీక్ష. నలభై రోజులు టైముంది. పరీక్షలో ఎవరూ ప్రశ్నలు అడగరట. బల్ల దగ్గర నిలబెట్టి పంచమంటారు, వాళ్ళే ఎదురుగా కూర్చుని ఆడతారు. అక్క ఫోన్లో వీడియో పెట్టి నేర్పుతానంది కానీ ఒక షరతు పెట్టింది. అద్దం ముందు పంచితే లాభం లేదు, ఎదురుగా మనిషి ఉండాలి. ముక్క చూసుకుని ఆలోచించే మనిషి, విసుక్కునే మనిషి, వాదించే మనిషి.

హోటల్లో ఎవరి షిఫ్టు వాళ్ళది. అమ్మని అడిగాను. ఆవిడ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, "ఉద్యోగం ఉద్యోగమే, కాదనను. నన్ను మాత్రం ఆ బల్ల దగ్గరికి పిలవకు" అంది.

"నేను కూర్చుంటాలే అమ్మా" అన్నారు నాన్నగారు, పేపరు మడిచి.

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. వద్దనాల్సింది నేను. నాకు ఆ ఉద్యోగం కావాలి, అందుకని అనలేదు.

మొదటి సాయంత్రం బాగా గుర్తుంది. భోజనాల బల్ల మీద అమ్మ పాత ఆకుపచ్చ దుప్పటి పరిచాను. పందెం బిళ్ళలకి బదులు చింతపిక్కలు. కొత్త పేక కట్ట బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకుంటుంటే నాన్నగారు దాన్ని తీసుకుని, "కవరు నేను చింపిస్తా ఉండు" అని పెరటి వరండాలోకి వెళ్ళారు. అంత చిన్న పనికి అంతసేపు ఎందుకో నాకు అర్థం కాలేదు. వంటింటి గుమ్మంలోంచి చూస్తే అమ్మా ఆయనా దగ్గరగా నిలబడి ఉన్నారు. తిరిగి వచ్చి కట్ట నా ముందు పెట్టారు.

బల్ల దగ్గర చేయాల్సిన మొదటి పని అక్క ముందే చెప్పింది. ముక్కలన్నీ విసనకర్రలా పరిచి, యాభై రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. మా బల్ల చిన్నది. పైగా కొత్త కట్ట. షాపువాడు ఇచ్చిన కొత్త కట్టకి లెక్కేమిటని వదిలేశాను. మర్నాడూ వదిలేశాను. తర్వాత అది వదిలేశానన్న సంగతి కూడా మర్చిపోయాను.

ఆట చెప్పడానికి చాలా చిన్నది. ఆడేవాళ్ళు ముందుగా ఒక పందెం పెట్టాలి, మాకైతే ఒక చింతపిక్క. వాళ్ళకి మూడు ముక్కలు, డీలరుకి మూడు ముక్కలు బోర్లించి పంచుతాను. ఆ మూడింటినీ కలిపి చెయ్యి అంటారు. వాళ్ళు తమ ముక్కలు చూసుకుని, బాగోలేదనుకుంటే వదిలేసుకోవచ్చు, పెట్టిన పిక్క పోతుంది. బాగుందనుకుంటే ఇంకో పిక్క దానికి జోడించి పెట్టాలి. అప్పుడు నేను నా ముక్కలు తిప్పుతాను. నాకు కనీసం ఒక రాణి గానీ, అంతకన్నా పెద్ద ముక్క, జత, వరస లాంటిది గానీ లేకపోతే నాది చెల్లని చెయ్యి. మొదటి పిక్కకి ఒక పిక్క ఇచ్చి, రెండోది వాళ్ళది వాళ్ళకి వదిలేయాలి. నాది చెల్లితే రెండు చేతులూ పోల్చాలి. పెద్దది గెలుస్తుంది. పక్కవాడితో పోటీ లేదు, అబద్ధపు ధీమాలు లేవు. ఆడేవాళ్ళు ఎంతమంది ఉన్నా ఒక్కొక్కరూ విడిగా డీలరుతోనే ఆడతారు.

"అంటే నేను నీతో ఆడుతున్నానా?" అన్నారు నాన్నగారు.

"ఓడతో ఆడుతున్నారండి. నేను ఊరికే పంచుతాను."

"ఓడకి భయం ఉండదుగా" అన్నారాయన. అని ముక్కలు చూసుకోకుండానే రెండో పిక్క ముందుకి తోశారు.

చూడాలి నాన్నగారూ, చూసి చెప్పాలి అన్నాను. గట్టు మీద బ్లైండ్ ఆడేవాళ్ళం, అలవాటు అన్నారు. మళ్ళీ పంచాను, మళ్ళీ చూడకుండా తోశారు. మూడోసారి నాకు కోపం వచ్చింది. ఎదుటివాళ్ళు ఆలోచించకపోతే నాకు ప్రాక్టీసు ఏమవుతుందని గట్టిగానే అన్నాను. ఆయన ముక్కల మీద అరచెయ్యి పెట్టుకున్నారు.

"చూస్తే ఆశ పుడుతుందమ్మా. చూడకపోతే పుట్టదు."

పేక సర్దేద్దామా అన్నాను. వద్దు, పంచు, నేర్చుకోవాలిగా అన్నారు. నేను పంచాను. ఆయన చూసుకోవడం మొదలుపెట్టారు.

పది రోజులకి నా చేతులు దారిలో పడ్డాయి. ఆయన కూడా దారిలో పడ్డారు, నా భయమే అది. రాణీ ఆరూ నాలుగూ, అంతకన్నా పెద్దది వస్తే ఆడాలి, తక్కువైతే వదిలేయాలని అక్క చెప్పిన లెక్క ఒక్కసారి చెబితే పట్టేశారు. ఇదివరకు మార్కెట్ నుంచి చీకటి పడ్డాక వచ్చే మనిషి ఇప్పుడు ఎండ ఉండగానే వచ్చి కాళ్ళు కడుక్కుని బల్ల దగ్గర కూర్చునేవారు. నాకు డ్యూటీ ఆలస్యమైతే, "ఇవాళ లేదేమో అనుకున్నా" అనేవారు తేలిగ్గా. అంత తేలిగ్గా అనడానికి ఎంతసేపు సాధన చేశారో అని నేను లెక్కలు కట్టేదాన్ని. ఒకరోజు గేటు తీస్తుంటే లోపల్నుంచి పేక కలుపుతున్న చప్పుడు వినబడింది. నేను ఇరవై రోజులు కష్టపడ్డా నా చేతుల్లో రాని చప్పుడు అది. ఎన్నేళ్ళైనా ఆ చేతులు ఏదీ మర్చిపోలేదు.

వాదనలకి మాత్రం లోటు లేదు. అక్క కోరుకున్న మనిషి అచ్చంగా దొరికాడు నాకు. గట్టు మీద ఆటలో మూడూ ఒకే ముక్క వస్తే దానికి మించింది లేదు. ఈ ఆటలో దాని మీద ఒకే రంగు వరస ఉంటుంది. దీనికి రెండు రోజులు కొట్లాడి ఒప్పుకున్నారు. అసలు గొడవ ఆసు, రెండు, మూడు దగ్గర వచ్చింది. ఆయన లెక్కలో ఆసు రాజు రాణి తర్వాత అదే పెద్ద వరస. ఈ ఆటలో వరసలన్నింటిలోకీ అది చిన్నది. నా నాలుగు, ఐదు, ఆరు వరస ముందు ఆయన ఆసు రెండు మూడు పరిచి దర్జాగా వెనక్కి వాలారు. నేను ఆయన పిక్కలు లాగేశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"అదెలా అమ్మా? ఆసు ఉందిగా."

"ఇక్కడ ఆసు ఒకటేనండి."

"ఎవరు చెప్పారు నీకు? కొల్లేరు చుట్టూ ఎవర్నైనా అడుగు."

"ఓడ కొల్లేట్లో తిరగదు నాన్నగారూ."

నవ్వారు. కానీ ఒప్పుకోలేదు. మిగిలిన రోజులన్నీ అది వచ్చిన ప్రతిసారీ ఆయన గెలిచినట్టే చెయ్యి చాపేవారు, నేను లాక్కునేదాన్ని. నిజం చెప్పొద్దూ, మొదట్లో రెండు మూడుసార్లు నేనూ తప్పే చేశాను, ఆయనకే పిక్కలు తోసేశాను. నా చెవులు కూడా ఆ గట్టు మీద మాటలే విని పెరిగాయి మరి.

ఇలా వాదించుకుంటున్న ఒక సాయంత్రమే ఆయన గట్టు కట్టుబాటు ఒకటి చెప్పారు. ఆట మధ్యలో గానీ చివర్లో గానీ పేకలో ఒక్క ముక్క తక్కువుందని తేలితే అప్పటిదాకా జరిగిందంతా చెల్లదట. పొద్దుట్నుంచి ఆడినా సరే ఎవరిది వాళ్ళు తీసేసుకుని లేచిపోవాల్సిందే. "ఆట జరగనట్టే లెక్క. ఎవరూ ఆడనట్టే" అన్నారు.

"మా ఓడలో అయితే డీలరు ఉద్యోగం పోతుంది" అన్నాను.

ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. అంత నవ్వాల్సిన మాట నేనేమన్నానో తెలియలేదు. వంటింట్లో బియ్యం కొలుస్తున్న అమ్మ కూడా అటు తిరిగి నవ్వుతోంది.

నాకు అమ్మ మీద ఒళ్ళు మండేది. రైలు పెట్టెలు మారిన మనిషి ఇంత నిబ్బరంగా ఎలా ఉంది? ఒకరోజు అడిగేశాను. ఆయన మళ్ళీ మొదలెడతారేమోనని నీకు భయం లేదా అన్నాను. "నువ్వు నీ పని చూసుకో" అంది. నా పనే ఇదంతా తెచ్చిపెట్టిందని అనబోయి ఊరుకున్నాను. అప్పటికి ఆయన రెండు ఆదివారాలు చర్చి అయ్యాక మండవల్లి వెళ్ళొచ్చారు. పాత స్నేహితుడికి ఒంట్లో బాగోలేదని ఒకసారి, ఊరికే చూసొస్తానని ఒకసారి. రెండుసార్లూ తిరిగొచ్చేదాకా నేను గేటు వంక చూస్తూ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వచ్చాక చొక్కా ఉతకడానికి వేస్తున్నట్టు నటించి జేబులు వెతికాను. బస్సు టిక్కెట్టు తప్ప ఏమీ లేదు. ఏం దొరుకుతుందనుకున్నానో నాకే తెలియదు.

పరీక్ష రోజు పొద్దున్నే ఆయనే బండి మీద ఏలూరు స్టేషన్లో దింపారు. రైలు కదులుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, "ఆసు రెండు మూడు చిన్నది. గుర్తుంచుకో" అన్నారు. నలభై రోజుల్లో అదే మొదటిసారి ఒప్పుకోవడం. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

విజయవాడ దాటాక పక్క సీట్లు ఖాళీ అయ్యాయి. చేతులు ఊరికే ఉంచలేక పేక తీశాను. అక్క చెప్పిన మొదటి పని గుర్తొచ్చి, సీటు మీద విసనకర్రలా పరిచి లెక్కపెట్టాను. యాభై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాను. సీటు కింద, సంచీలో, చున్నీ మడతల్లో వెతికాను. రంగులవారీగా వేరు చేసి చూస్తే కళావరు నాలుగు లేదు.

రాత్రి సంచీలో పెట్టింది నేనే. అంతకుముందు ముట్టుకున్నది నేనూ ఆయనా. గట్ల మీద ముక్క దాచి ఆడేవాళ్ళ కథలు చిన్నప్పుడు విన్నాను. మోకాలి కింద, బనీను లోపల, చెప్పు కింద. చింతపిక్కల ఆటలో, కూతురి ముందు, నాన్నగారు ముక్క దాచారా? అయితే మానేయడం అన్నది ఎప్పుడో ముగిసిపోయింది, మండవల్లి ప్రయాణాలకి అర్థం అదే. నా వల్ల, ఈ సంచీలోని కట్ట వల్ల. ఆయనకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. అమ్మకి చేశాను. "నిన్ను దింపి అట్నుంచటే మండవల్లి వెళ్ళారు" అంది. ఎందుకని అడిగే లోపల సిగ్నల్ పోయింది. వరంగల్ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

పరీక్ష జరిగిన గదిలో నిజమైన బల్ల ఉంది, నిజమైన బిళ్ళలున్నాయి, పేక వాళ్ళదే. ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు. నేను కట్ట తీసుకుని పరిచి ఒక్కొక్క ముక్కా చూపుడువేలితో లెక్కపెట్టాను. అనుమానం తీరక రెండోసారీ లెక్కపెట్టాను. ముగ్గురిలో పెద్దాయన ఏదో రాసుకున్నాడు. ఎనిమిదో పంపకంలోనో ఎప్పుడో మధ్యలో కూర్చున్నావిడకి ఆసు రెండు మూడు వచ్చింది. నాకు నాలుగు, ఐదు, ఆరు. నా చెయ్యి బిళ్ళలు ఆవిడ వైపు తొయ్యడానికి కదిలింది. కిటికీ దగ్గర నాన్నగారి మాట గుర్తొచ్చింది. ఆవిడ బిళ్ళలు నెమ్మదిగా నా వైపు లాగేసుకున్నాను. ఆవిడ తలూపింది.

అన్నీ అయ్యాక పెద్దాయన, పేకని ఇంత శ్రద్ధగా లెక్కపెట్టేవాళ్ళు తక్కువని మెచ్చుకున్నాడు. ఉద్యోగం వచ్చినట్టే, రెండు నెలల్లో కబురు పెడతామన్నాడు. థాంక్యూ సర్ అన్నాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని మళ్ళీ నాన్నగారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఫోన్ ఇంట్లో మర్చిపోయారని అమ్మ మెసేజ్ పెట్టింది. నేను నమ్మలేదు.

ఆ రాత్రి హాస్టల్లో స్నేహితురాలి దగ్గరుండి మర్నాడు మధ్యాహ్నానికి ఇంటికి చేరాను. నాన్నగారు ఇంకా మార్కెట్ నుంచి రాలేదు. కొర్రమేను పులుసు వాసన వీధిలోకే వస్తోంది. ఉద్యోగం సంగతి చెప్పకుండా, చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళి, "పేకలో ఒక ముక్క లేదమ్మా. నాన్నగారు తీశారు" అన్నాను.

అమ్మ స్టవ్ తగ్గించింది. మూలనున్న బియ్యం డ్రమ్ము మూత తీసి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి కళావరు నాలుగు పైకి తీసింది. తవుడు అంటుకుని ఉంది. కొంగుతో తుడిచింది.

"మొదటి రోజు కవరు చింపి ఇది నా చేతిలో పెట్టారు. ఇది నీ దగ్గరుంచు, ఇది లేనంతకాలం అది ఆట కాదు, నేను ఆడినట్టూ కాదు అన్నారు. నీకు చెప్పొద్దన్నారు, నీ ధైర్యం పోతుందని."

నేను బియ్యం డ్రమ్ము పక్కన నేల మీద కూర్చున్నాను. నలభై రోజులు నేను యాభై ఒక్క ముక్కలు పంచాను, ఒక్కసారి లెక్కపెట్టుకోలేదు. ఆయన నలభై రోజులూ ఆడకుండా నా ఎదురుగా కూర్చున్నారు. నేనేమో ఆయన చొక్కా జేబులు వెతికాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మరి నిన్న మండవల్లి ఎందుకు వెళ్ళారంటే గిన్నె వైపు చూపించింది. నాకోసం కొర్రమేను తేవడానికట.

"ఇంక భయం లేదన్నమాట" అన్నాను.

అమ్మ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రెండుసార్లు అడిగారు దీన్ని" అంది. "నువ్వు డ్యూటీకి వెళ్ళిన ఆదివారం ఒకసారి. మొన్న నువ్వు సంచీ సర్దుకుంటుంటే ఒకసారి. పేక నిండుగా ఉంటే అమ్మాయికి ఇంకా బాగా వస్తుంది, ఇచ్చెయ్యి అన్నారు."

"నువ్వేమన్నావు?"

"వినబడనట్టు బియ్యం ఏరుకున్నాను."

గేటు చప్పుడైంది. నాన్నగారి బండి ఆగింది. "ఏమ్మా, వచ్చిందా ఆసు రెండు మూడు?" అని వీధిలోంచే కేకేశారు. ఆ గొంతులో సంతోషం ఎంతుందో వంటింట్లోకి వినబడుతోంది.

"మిగతావన్నీ నువ్వెళ్ళేటప్పుడు పట్టుకుపో" అంది అమ్మ గొంతు తగ్గించి. "ఇది ఇక్కడే ఉంటుంది."

ముక్కని మళ్ళీ మోచేతి దాకా దించింది. చెయ్యి తీశాక డ్రమ్ములో గుంట పడింది. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేలోపు నేను ఆ బియ్యాన్ని అరచేత్తో చదును చేసి మూత పెట్టాను.